రెండో బాద్షా

సక్కుబాయి ఏనుగు వేషంలోకి దిగేముందు రెండు జాగ్రత్తలు తప్పకుండా తీసుకునేది. పొద్దున లేచినప్పటి నుంచి నీళ్లు తక్కువ తాగేది. మెడకూ చంకలకూ కొబ్బరినూనె దట్టంగా పట్టించేది. నీళ్లు ఎక్కువ తాగితే మధ్యలో బయటికి వెళ్లాల్సి వస్తుంది. వేషం విప్పాలంటే వీపు మీది తాళ్లు విప్పడానికి ఇంకో మనిషి కావాలి, మళ్లీ కట్టడానికీ కావాలి, అంతసేపూ ఆనందరావు గడియారం చూస్తూ నిలబడతాడు. ఇక నూనె రాయకపోతే గోనెపట్టా అంచు ఒరుసుకొని సాయంత్రానికి మెడ చుట్టూ తోలు లేచిపోతుంది.

హైదరాబాదు పాతబస్తీలో శాలిబండ దాటి ఫలక్‌నుమా వైపు వెళ్లే దారిలో, ఒకప్పుడు ఎవరో జాగీర్దారుదైన పాత దేవిడీ భవంతి వెనక తోటను కౌలుకు తీసుకొని ఆనందరావు పిల్లల పార్కు పెట్టాడు. దానికి గుల్షన్ పార్కు అని బోర్డు రాయించాడు. చేత్తో తిప్పే రంగులరాట్నం, ఒక జారుడుబండ, నీళ్లు లేని ఫౌంటెన్ చుట్టూ తిరిగే చిన్న రైలు, ఇంతే అందులో ఉన్నది. అయినా జనం వచ్చేవారు, ఏనుగు కోసం. ఆ ఏనుగు పేరు బాద్షా. నెత్తిన జరీ అంచు కుట్టిన ఎర్ర మఖ్మల్ టోపీ పెట్టుకొని, రెండు కాళ్ల మీద గేటు దగ్గర నిలబడి, వచ్చిన పిల్లలందరికీ తొండం ఎత్తి సలాం చేసేవాడు. సాయంత్రం అయిదింటికి తోట చుట్టూ ఊరేగింపుగా తిరిగేవాడు. వెనక పిల్లల దండు అరుస్తూ నడిచేది.

ఆ వేషాన్ని కుట్టింది శాలిబండలో పరుపుల దుకాణం నడిపే అబ్దుల్ వాహెద్. ఆయనకు వచ్చిన విద్య పరుపులు కుట్టడం కాబట్టి ఏనుగును కూడా పరుపు కుట్టినట్టే కుట్టాడు. పైన బూడిదరంగు రగ్గు, మధ్యన కొబ్బరిపీచూ పాత దూదీ, లోపల గోనెపట్టా. తలకు ఇనుపచువ్వల చట్రం కట్టి దాని మీద ప్లాస్టర్ మెత్తించారు. బయటివాళ్లకు అది ముద్దొచ్చే ఏనుగు. లోపల నిలబడ్డవాళ్లకు ఎండాకాలం పొయ్యి పక్కన రెండు పరుపులు కప్పుకున్నట్టుండేది.

మొదట రెండేళ్లు ఆ వేషం సక్కుబాయి మొగుడు రాజన్న వేశాడు. వాళ్లది గౌలిపుర. రాజన్న తాత కాలంలో ఎనిమిది బర్లుండేవట. రాజన్న చేతికొచ్చేసరికి రెండు మిగిలాయి. ఒకటి జబ్బు చేసి చచ్చిపోయింది, రెండోదాన్ని అమ్మేసుకున్నారు. పాలు పోయించుకునే ఆనందరావే ఏనుగు పని ఇచ్చాడు. రాజన్నకు మొదట్లో ఆ పని ఇష్టంగానే ఉండేది. అయితే లోపల పీచు దుమ్ము. పీల్చగా పీల్చగా ఉబ్బసం పట్టుకుంది. దవాఖానలో డాక్టరు, ఇంకోసారి ఆ దుమ్ములోకి దిగితే నా దగ్గరికి రావద్దన్నాడు. అప్పుడు సక్కుబాయి తాను వేస్తానంది. తనకు ముప్ఫైయెనిమిదేళ్లు, పొడగరి మనిషి, పాలక్యాన్లు మోసిన భుజాలు.

ఆనందరావు చాలాసేపు తల గోక్కొని ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. "లోపల ఆడమనిషి ఉన్నదని బయట తెల్వొద్దు. నోరు విప్పొద్దు. ఏమైనా సరే, జనంల తల తియ్యొద్దు. పిల్లలు జడుసుకుంటరు, పెద్దలు మాటలంటరు. నాకు లొల్లి ఒద్దు."

ఇంటి ముందు గల్లీలో రాజన్న ఆమెకు నడక నేర్పాడు. మడమ ముందు ఆనించాలి, తర్వాత ఒళ్లంతా ఆ పక్కకు ఒరగాలి. ఎడమచెయ్యి తొండంలో ఉండాలి, కుడిచెయ్యి పిల్లలకు అందాలి. "నువ్వు పాలు పొయ్యడానికి పోతున్నట్టు నడుస్తున్నవ్," అని దగ్గు మధ్యలో నవ్వేవాడు. రెండేళ్లయింది ఆ మాటకు. ఇప్పుడు ఎనభై ఒకటో సంవత్సరం ఎండాకాలం. సక్కుబాయి నడక మామూలు రోజుల్లో కూడా ఏనుగు నడకైపోయింది. మోకాళ్లు అంతకంటే తొందరగా కదలనంటున్నాయి.

ఏనుగు నోట్లో వేసిన నల్లటి జాలీ గుండా ఆమెకు లోకం కనిపించేది. అదీ నడుము దాకానే. కాబట్టి సక్కుబాయి మనుషులను కాళ్లతో గుర్తుపట్టేది. బడి బూట్లు, హవాయి చెప్పులు, బార్కస్ నుంచి వచ్చే మగవాళ్ల గళ్ల లుంగీలు, బురఖా అంచు కింద వెండి పట్టీలు. కిందటేడు వినాయకచవితి వెళ్లాక ఆ కాళ్లలో ఒక జత నల్లబూట్లు చేరాయి. ప్రతి ఆదివారం వచ్చేవి. పాలిష్ ఉండేది కాని మడమలు ఒక పక్కకు అరిగిపోయి ఉండేవి. ప్యాంటు అంచుల మీద తెల్లగా ఎండిన గంజి మరకలు. పక్కన పిల్లల కాళ్లు ఏనాడూ లేవు. ఆ బూట్లు గేటుకు ఎదురుగా నిలబడి గంటలకొద్దీ కదిలేవి కావు.

వేషం తాళ్లు కట్టేది కుల్సుమ్. పార్కు ఊడ్చేదీ, ఆడవాళ్ల వైపు టికెట్లు చింపేదీ కూడా ఆమే. ఒకరోజు కుల్సుమ్ తాళ్లు విప్పుతుండగా సక్కుబాయి అడిగింది.

"ఆపా, ఆ నల్లబూట్లాయన ఎవరు? పిల్లలు లేరు, జెల్లలు లేరు. నన్నే చూస్తుంటడు."

"నేను భీ చూసిన," అంది కుల్సుమ్. "బక్కగుంటడు. నలభై దాటినయ్ అనిపిస్తది. చేతుల ఒక కాపీ బుక్కు పెట్టుకొని ఏందో గీస్తడు. అడిగితే జవాబు ఇయ్యడు, నవ్వి పక్కకు జరుగుతడు."

సక్కుబాయికి లోపల గుబులు మొదలైంది. ఇంకెవరైనా ఇలాంటి పార్కు పెట్టబోతున్నారా, వాళ్ల మనిషా? లేక లోపల ఉన్నది ఆడమనిషని పసిగట్టాడా? ఆ రెండింట్లో ఏదైనా తన పనికి ముప్పే. కాని ఆ గుబులును కూడా ఎక్కువసేపు మోసే ఓపిక ఆమెకు లేదు. ఇంటికి పోయి వంట చేసి, రాజన్న వీపుకు కర్పూరం నూనె రాసి, పడుకోవడమే తెలుసు.

మే నెల మొదటి ఆదివారం నల్లబూట్లు రాలేదు.

నాలుగు గంటలప్పుడు గేటు దగ్గర పిల్లల అరుపులు ఒక్కసారిగా అటు మళ్లాయి. తన కుడిచెయ్యి పట్టుకొని వేలాడుతున్న పిల్ల కూడా వదిలేసి పరుగెత్తింది. "అగో, ఇంకో బాద్షా" అని ఎవరో అంటున్నారు. సక్కుబాయి ఒళ్లంతా తిప్పి చూసింది. జాలీలో రెండు బూడిదరంగు కాళ్లు కనిపించాయి. ఒక్కో పాదానికి నాలుగేసి తెల్లటి గోళ్లు, నిగనిగలాడుతున్నాయి. బాద్షా కాళ్లకు గోళ్లు ఏనాడో ఊడిపోయాయి. ఆ కొత్త ఏనుగు ఆమె ముందుకొచ్చి, నడుము వంచి, తొండం నేలకు ఆనించి సలాం చేసింది.

పిల్లలు గోల గోలగా నవ్వారు. సక్కుబాయికి ఏం చేయాలో తోచక తానూ తొండం ఎత్తింది.

ఆనందరావు పరుగున వచ్చాడు. "ఎవడ్రా నువ్వు? టికెట్ కొన్నవా అసలు?" అని గద్దించాడు. ఆ ఏనుగు తొండం మెల్లగా పైకి లేపింది. తొండం చివర, వేళ్ల మధ్యన పట్టుకున్నట్టుగా, చింపిన టికెట్ ముక్క ఉంది. ఈసారి పెద్దవాళ్లు కూడా నవ్వారు. ఆనందరావు పట్టుకోబోయిన చెయ్యిని వెనక్కి తీసుకున్నాడు. జనం గేటు బయట నుంచి కూడా లోపలికి తోసుకొస్తున్నారు.

ఆ సాయంత్రం రెండో బాద్షా చేయని పని లేదు. ఒంటికాలి మీద నిలబడింది. బాసింపట్టు వేసుకొని కూర్చుంది. రైలు వెనక పరుగెత్తింది. సక్కుబాయికి అది అర్థం కాలేదు. ఆ బరువుతో పరుగెత్తడం ఎట్లా? అయిదింటి ఊరేగింపులో పిల్లలంతా దాని వెనకే పోయారు. ఆమె ఒక్కతే గోడకు ఆనుకొని మిగిలింది. కాసేపు హాయిగా అనిపించింది. ఎవరూ చెయ్యి లాగడం లేదు, ఎవరూ తొండం గుంజడం లేదు. ఆ హాయి తగ్గాక భయం వేసింది.

వారం తిరిగేసరికి ఆ భయం నిజమైంది. ఆనందరావు వేషం కట్టుకునే షెడ్డు దగ్గరికి వచ్చి, ఆమె కళ్లలోకి చూడకుండా జారుడుబండ వైపు చూస్తూ చెప్పాడు.

"ఆయన పేరు ఇశ్రాయేలు. ప్రెస్సుల బైండర్ పని, సర్కారు నౌకరీ. సెలవులు మస్తు మిగిలినయట. ఈ నెలంత వస్తనంటుండు. జీతం ఒద్దన్నడు."

"ఒద్దన్నడా?"

"ఊకెనే చేస్తడట. సరదా అట. నేనేం జెయ్యాలె చెప్పు. జనం ఆయన్నే అడుగుతున్నరు. నువ్వు ఈ నెలాఖరు దాంక రా సక్కుబాయీ. తర్వాత చూద్దాం."

"చూద్దామంటే ఏంది సారూ?"

"చూద్దాం అంటే చూద్దాం," అని ఆనందరావు వెళ్లిపోయాడు.

ఆ రాత్రి అన్నం తింటూ ఆ మాట మొగుడికి చెప్పింది. రాజన్న ముద్ద చేతిలో పట్టుకొని ఆలోచించాడు. "ఊకెనే ఎందుకేసుకుంటడే? నేను లోపలికి పోయేటప్పుడు ఏడుపొచ్చేది ఒక్కోపారి. ఆయనకేమన్న పిచ్చా?"

"పిచ్చోడు గాదు. మంచిగ చేస్తడు. నీకంటె మంచిగ చేస్తడు," అంది సక్కుబాయి. రాజన్న చేతిలోని ముద్దను మళ్లీ పళ్లెంలో పెట్టాడు. అలా అనకుండా ఉండాల్సింది అనుకుంది కాని, వెనక్కి తీసుకోవడానికి కూడా బద్ధకం వేసింది.

తర్వాతి ఆదివారం పార్కు మూసే వేళకు ఇశ్రాయేలు షెడ్డులో తన వేషం విప్పుతున్నాడు. ఏనుగు తలను మేకుకు తగిలించి, మెత్తటి గుడ్డతో దాని చెవుల వెనక తుడుస్తున్నాడు. సక్కుబాయి వేషంతోనే లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసింది. రెండు చేతులతో తన తలను పట్టుకొని, ఎత్తి, కింద పెట్టింది. జుట్టు చెంపలకు అతుక్కుపోయి ఉంది. మెడ చుట్టూ ఎర్రటి పుండు గీత.

ఇశ్రాయేలు చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. "మీ... మీరు," అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం బయటికి రావడం లేదు. అతనికి నత్తి అని సక్కుబాయికి అప్పుడే తెలిసింది. ఆమె తొందరపెట్టలేదు. తొందరపడేంత శక్తి ఆమెకూ లేదు. బోర్లించిన డబ్బా మీద కూర్చుంది.

"నేను... మొగాయన అనుకున్న," అన్నాడు చివరికి.

"అందరు గట్లనే అనుకోవాల్నని సారు చెప్పిండు. అన్నా, ఒక మాట అడుగుత. నీకు నౌకరుంది, జీతముంది. ఈ పని ఎందుకు నీకు?"

ఇశ్రాయేలు జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో క్రిస్మస్ నాటకంలో అతనికి ఎప్పుడూ గాడిద వేషమే ఇచ్చేవారు, మాట్లాడే పని లేదని. మిగతా పిల్లలు వెక్కిరించేవారు. అతనికి మాత్రం గాడిద లోపల ఉన్నంతసేపే ప్రాణం కుదుటపడేది. ఇప్పుడు ప్రెస్సులో కూడా ఎవరో ఒకరు అతని మాటను సాగదీసి నవ్వుతూనే ఉంటారు. బాద్షాను మొదటిసారి చూసిన రోజు ఇంటికి పోయి రాత్రంతా బొమ్మలు గీశాడు. ఎనిమిది నెలలు కూర్చొని, భార్య రాహేలు గుడ్డ కుడుతుంటే తాను తల చేశాడు. "లోపలుంటే... నన్నెవరు అడగరు. పిల్లలు... వాళ్లంతట వాళ్లే వస్తరు," అన్నాడు.

సక్కుబాయి విన్నది. అతని మీద కోపం తెచ్చుకోవాలని వచ్చింది కాని అది చేతికి చిక్కడం లేదు.

"నీ బాధ నీకున్నది. నేను కాదంటలేను," అంది. "నువ్వు వచ్చినకాంచి సారు నన్ను ఒద్దంటుండు. నెలాఖరు దాంకనే అన్నడు. మా ఇంటాయనకు దమ్ము. ఈ పరుపు మూటల దిగే ఆయనకు దమ్మొచ్చింది. నాకిది సరదా గాదన్నా. ఇది తప్ప నాకు పనిచ్చేటోళ్లు లేరు."

ఇశ్రాయేలు తల వంచుకున్నాడు. ఆమె పక్కన నేల మీదున్న పాత తలను రెండు చేతులతో లేపి చూశాడు. దాని బరువుకు మోచేతులు కిందికి వంగాయి. మళ్లీ జాగ్రత్తగా నేల మీద పెట్టాడు. తన ఏనుగును దుప్పట్లో చుట్టుకొని వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు. ఆదివారం కూడా రాలేదు. జనం మాత్రం మామూలు కంటే ఎక్కువ వచ్చారు, రెండు ఏనుగులుంటాయని విని. "ఏమన్నవ్ ఆయన్ని?" అని ఆనందరావు రెండుసార్లు నిలదీశాడు. సక్కుబాయి వేషం తల అందుకుంది. "అయితే రెండు ఏనుగుల పని నువ్వే చెయ్యి. ఒంటికాలు మీద నిలబడు, కూసో, లెవ్. పిల్లలు అడుగుతున్నరు."

ఆమె ప్రయత్నించింది. బాసింపట్టు వేసుకొని కూర్చుంది కాని లేవడం చాతకాలేదు. కుల్సుమ్ వచ్చి చంకల కింద చేతులేసి లేపింది. ఊరేగింపు మొదలయ్యేసరికి నోరంతా ఎండిపోయి నాలుక అంగిటికి అతుక్కుంది. ఫౌంటెన్ మలుపు దగ్గర జాలీలో కనిపిస్తున్న చిన్న చిన్న చెప్పులన్నీ ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయాయి. తర్వాత ఏమైందో ఆమెకు తెలియదు.

తెలివి వచ్చేసరికి ముఖానికి గాలి తగులుతోంది. తల నేల మీద పడి ఉంది. కుల్సుమ్ తాళ్లు విప్పడానికి ఆగకుండా కత్తెరతో కోసేసినట్టుంది, ఎండిన పీచు చుట్టూ చెల్లాచెదురుగా పడింది. ఎవరో బురఖా ఆమె తన ఒళ్లో సక్కుబాయి తల పెట్టుకొని గ్లాసుతో నీళ్లు పడుతోంది. చుట్టూ పిల్లలు. ఒక పిల్ల ఏడుస్తోంది. "ఏనుగుల అమ్మ ఉన్నది," అని ఎవరో చెబుతున్నారు. "ఔరత్ హై బిచారీ, పాపం ఆడమనిషి, ఇంత ఎండల," అని ఇంకెవరో ఆనందరావు వైపు తిరిగి అంటున్నారు.

సక్కుబాయికి మొదట తట్టింది ఒక్కటే. జనంలో తల తీయొద్దన్నాడు, తీసేశారు.

ఆనందరావు జనం ముందు ఏమీ అనలేదు. రిక్షా పిలిపించాడు. ఎక్కేటప్పుడు మాత్రం మెల్లగా, "ఇంటికాడ ఉండు. అవసరముంటే కబురు పంపుత," అన్నాడు.

మూడు రోజులు ఆమె నిద్రపోయింది. మధ్యలో రాజన్న గంజి కాచి పోశాడు. కాచడం సరిగా రాక అడుగంటిన వాసన వచ్చేది. అయినా తాగేది. అతను పక్కన కూర్చొని విసనకర్రతో విసిరేవాడు, దగ్గు వస్తే ఆగి, తగ్గాక మళ్లీ విసిరేవాడు. "పోనీ తియ్. ఏదో ఒకటి చూసుకుందం," అన్నాడు ఒకసారి. ఏం చూసుకుంటారో ఇద్దరికీ తెలియదు.

నాలుగో రోజు పొద్దున గల్లీలో పిల్లల గోల వినిపించింది. రాజన్న తలుపు తీశాడు. రిక్షాలో ఒక ఏనుగు కూర్చొని ఉంది. పక్కన దాని నడుము చుట్టూ చెయ్యి వేసి ఇశ్రాయేలు కూర్చున్నాడు. పార్కుకు పోతే ఏనుగు లేదని, కుల్సుమ్‌ను అడిగితే జరిగింది చెప్పి ఇంటి గుర్తులు చెప్పిందని, అతను ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

ఏనుగును లోపలికి తెచ్చి చాప మీద పడుకోబెట్టారు. రాజన్న దాని పక్కన చతికిలబడి, వైద్యుడు నాడి చూసినట్టు అక్కడక్కడ నొక్కి చూశాడు. తలను ఒంటిచేత్తో లేపి ఆశ్చర్యపోయాడు.

"గిదేంది, ఇంత అల్కగున్నది? లోపల ఏమున్నది?"

"వెదురు పేళ్లు," అన్నాడు ఇశ్రాయేలు. పని గురించి చెప్పేటప్పుడు అతనికి మాట కొంచెం తేలిగ్గా వచ్చింది. "మీద చిత్తు కాగితం. పొర మీద పొర. పిండి జిగురుల మైలుతుత్తం కలిపితే పురుగు పట్టది. పుస్తకం అట్టకు గట్లనే చేస్తం." ఏనుగు చెవులు ఎత్తి చూపించాడు. చెవుల వెనక దోమతెర గుడ్డ కుట్టి ఉంది, గాలి ఆడడానికి. ఒంటికి పీచు లేదు, దూది లేదు. పల్చటి ఖాదీ గుడ్డను బెత్తం చక్రాల మీద గుండ్రంగా నిలబెట్టారు. గుడ్డ ఎక్కడా మనిషి ఒంటికి తగలదు. తాళ్లు వీపున లేవు, చంక కింద ఉన్నాయి. ఎవరికి వాళ్లే విప్పుకోవచ్చు.

సక్కుబాయి గోడకు ఆనుకొని వింటోంది. రెండేళ్లు ఆమె మోసిన బరువు అసలు మోయాల్సిన అవసరమే లేదని ఆ చెవుల వెనక గుడ్డ చెబుతున్నట్టుంది. ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా ఇంకా బరువెక్కినట్టయింది.

"ఇది నీకే అక్కా," అన్నాడు ఇశ్రాయేలు.

"ఎనిమిది నెలలు చేసుకున్నవంటివి. నేనెట్ల తీసుకుంట? మీ ఇంటామె ఏమంటది?"

"రాహేలే ఇచ్చి రమ్మన్నది."

"ఊకెనే ఒద్దు నాకు."

ఇశ్రాయేలు ఏనుగు గోళ్లను వేలితో తుడిచాడు. "ఆదివారం... ఒక గంట నాకియ్యి," అన్నాడు. "ఒక్క గంట. ఆ గంట నువ్వు కూసో."

రాజన్న నవ్వబోయి దగ్గాడు. సక్కుబాయి మాత్రం నవ్వలేదు. "సారుకు నేను చెప్తే వినడు," అంది. "పొమ్మన్న మనిషిని నేను. చెప్పేదుంటే నువ్వే చెప్పాలె."

అతని ముఖం పాలిపోయింది. కాని సరేనన్నాడు.

మర్నాడు సక్కుబాయి, ఇశ్రాయేలు, కుల్సుమ్ ముగ్గురూ ఆనందరావు గది ముందు నిలబడ్డారు. సక్కుబాయి గుమ్మం బయటే ఆగింది. లోపల ఇశ్రాయేలు మొదలుపెట్టాడు. "వే... వే..." దగ్గరే ఆగిపోయాడు. ఆనందరావు తొందరగా అందుకున్నాడు. "వేషం వేస్తవ్, అంతే గద. రేపటికాంచి రా." ఇశ్రాయేలు తల అడ్డంగా ఊపి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. "వేషానికి పైసలా? ముందుగాల ఒద్దంటివి గద," అన్నాడు ఆనందరావు. మళ్లీ తల అడ్డంగా ఊపాడు. చెమటలు కారుతున్నాయి. కుల్సుమ్ ఇక ఆగలేక, "జర ఆగండి సార్, ఆయన్ని చెప్పనీండి," అంది. ఆనందరావు నోరు మూసుకున్నాడు. గదిలో గోడ గడియారం చప్పుడు మాత్రమే మిగిలింది.

"వేషం నాది," అన్నాడు ఇశ్రాయేలు, ఒక్కో మాట దగ్గర ఆగి, మళ్లీ నడిచి. "అక్క వేసుకుంటేనే ఇస్త. గంటకొకసారి ఆమె నీడల కూసోవాలె. నీళ్లు తాగాలె. లేకుంటే ఇయ్య."

అంత చెప్పేసరికి గడియారంలో పెద్దముల్లు నాలుగు గీతలు దాటింది.

ఆనందరావు చెడ్డవాడేమీ కాదు, తన పార్కు తప్ప వేరే ధ్యాస లేనివాడు. నాలుగు రోజులుగా గేటు దగ్గర సందడి లేదు. వచ్చిన ఆడవాళ్లు ఏనుగు ఏదని అడగడం లేదు, ఏనుగులో ఉన్నామె ఎట్లుందని అడుగుతున్నారు. బాగుపడ్డదా, మళ్లీ వస్తదా అని. ఆడమనిషని తెలిస్తే జనం రారని అతను పెట్టుకున్న లెక్క తప్పింది. మగవాడి చెయ్యి పట్టుకోవడానికి వెనకాడే ఆడపిల్లలను కూడా తల్లులు ఇప్పుడు ముందుకు తోసేలా ఉన్నారు.

"సరే," అన్నాడు గుమ్మం వైపు చూసి. "రేపటికాంచి రా సక్కుబాయీ. ఎండ పొద్దు గేటు కాడ ఒద్దు, చింతచెట్టు కింద నిలబడు."

అలా ఆమె మళ్లీ పనిలో చేరింది. కొత్త వేషంలో గాలి ఆడేది. మెడ పుండు మెల్లగా మానింది. నీళ్లు తాగడానికి భయం లేకపోయింది. అలాగని అలసట పోయిందని కాదు. రోజంతా నిలబడే పని నిలబడే పనే. మోకాళ్లు సాయంత్రానికి అలాగే సలిపేవి, ఇంటి దారి అలాగే దూరంగా ఉండేది. రాజన్న దమ్ము కూడా వాన మబ్బు పట్టినప్పుడల్లా ఎక్కువయ్యేది. పాత వేషాన్ని కుల్సుమ్ విప్పదీసి, అందులో పనికొచ్చే దూదిని ఏరుకొని బొంత కుట్టుకుంది.

ఆమె మళ్లీ చేరాక వచ్చిన మొదటి ఆదివారం నాలుగింటికి నల్లబూట్లు వచ్చాయి. పక్కన పట్టీ చెప్పులు కూడా ఉన్నాయి. షెడ్డులో సక్కుబాయి వేషం విప్పి ఇశ్రాయేలుకు అందించింది. రాహేలు పొట్టిగా, నెమ్మదిగా ఉండే మనిషి. మొగుడి భుజం మీద గుడ్డ సర్ది, సక్కుబాయిని చూసి నవ్వి, రైలు దగ్గరికి పోయి నిలబడింది.

సక్కుబాయి చింతచెట్టు కిందికి వచ్చి గోడకు వీపు ఆనించి కూర్చుంది. గేటు దగ్గర బాద్షా పిల్లల మధ్య నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్లలో ఆ ఏనుగును కాళ్ల నుంచి టోపీ దాకా ఒక్క చూపులో ఆమె చూడలేదు. పిల్లలకు అందులో ఏం కనిపిస్తుందో ఈ గంటంతా చూడాలనుకుంది. బాద్షా తొండం ఎత్తాడు. ఒక పిల్ల సిగ్గుపడి అమ్మ కొంగులో దూరింది. మళ్లీ బయటికి వచ్చింది. అంతవరకే సక్కుబాయికి గుర్తుంది.

కుల్సుమ్ భుజం తట్టి లేపేసరికి ఎండ గోడ మీదికి ఎక్కిపోయింది. "గంటన్నర అయింది సక్కూ. లేపుదామంటే ఆయన ఒద్దని చెయ్యి ఊపిండు," అంది.

షెడ్డులో ఇశ్రాయేలు చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. రాహేలు గ్లాసు పట్టుకొని నీళ్లు తాగిస్తోంది. "గంట అన్నవ్. గంటనే ఉండాలె. పడిపోతే మల్ల నాకే తిప్పలు," అని సక్కుబాయి కోప్పడింది. అతను తాగుతూనే తల ఊపాడు.

ఊరేగింపు వేళ దాటి అరగంటైంది. ఆమె వేషాన్ని విదిలించి, అతని చెమటకు తడిగా ఉన్న గుడ్డలోకి కాళ్లు దూర్చి, చంక కింద తాళ్లు తానే బిగించుకుంది. తల పెట్టుకొని బయటికి నడిచింది.